గేటు మీద పసుపు మూట

మేడ్చల్,
8-3-1998

శ్రీ పరమేశ్ గారికి,

మీ లాయరు పంపిన కాగితం నిన్న అందింది. వేసవి సెలవులన్నీ స్రవంతి మీ దగ్గరే ఉండాలని కోర్టును అడిగారు. కన్నతల్లికి ఒక్క వారమైనా మిగల్చాలని మీకు తోచలేదు.

మీతో ఉత్తరం ముక్క కూడా వద్దని మా లాయరు చెప్పాడు. రాసిన ప్రతి మాటా రేపు జడ్జి ముందుకు వస్తుందట. రానివ్వండి. నేను రాసేది ఎవరి ముందైనా చదవగలిగేదే.

మూడేళ్ల కింద నేను మీ ద్రాక్షతోట ఇంట్లోంచి ఎందుకు వచ్చేశానో మీరు మరిచినట్టున్నారు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో మాత్రలు ప్యాక్ చేసే పనికి వెళ్తున్నానని మీ అమ్మకు నామోషీ. కంపెనీ బస్సు ఆలస్యమైతే మీకు అనుమానం. చివరికి ఒకరోజు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, షిఫ్టు దిగుతున్న ఆడవాళ్లందరి ఎదుట, "ఇగ చాలు, ఇంటికి నడువు. నీ నౌకరీ మీద మన్ను వడ" అన్నారు. నేను మీ ఇంటికి నడవలేదు. మేడ్చల్‌లో మా అన్న రవీందర్ ఇంటికి నడిచాను. ఈ మూడేళ్లలో దాని గురించి మీ నోట ఒక్క మంచి మాట రాలేదు.

పోయిన దసరా సంగతి కూడా చెప్పాలి. సెలవులు అయిపోయాక పిల్లను పంపకుండా, జ్వరం వచ్చిందని కబురు చేశారు. నేను సెలవు పెట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి అది పందిరి కింద తాడాట ఆడుతోంది. నన్ను చూసి మీరు తల పక్కకు తిప్పుకున్నారు. దొంగకు తేలు కుట్టినట్టు అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

పిల్లకు ఈ ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్షలు. మీ తోటలో మందులు కొట్టే వాసనకు దానికి దగ్గు వస్తుంది. దాన్ని ఎండాకాలమంతా మీకు అప్పగించేది లేదని కోర్టులోనే చెప్తాను.

పద్మలత


శామీర్‌పేట,
15-3-1998

మేడ్చల్ పద్మలత గారికి,

మీరు నన్ను గారు అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను. పన్నెండేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లం ఇప్పుడు గారూ గీరూ అనుకుంటుంటే మా అమ్మ నవ్వుతోంది.

దసరాకు జ్వరం అబద్ధమే. పిల్ల ఇంకో రెండు రోజులు ఉంటానని నా నడుము పట్టుకుని ఏడ్చింది. ఆ మాట మీకు చెబితే, నేనే నూరిపోశానని అంటారు. అందుకే జ్వరమని చెప్పించాను. కోర్టులో పెట్టుకుంటే పెట్టుకోండి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నేను అరిచింది నిజం. అంతకుముందు నాలుగు రాత్రులు మీరు ఏ వేళకు ఇల్లు చేరారో, బస్సు ఎక్కడ ఆగిపోయిందో ఒక్కసారైనా కూర్చుని చెప్పారా? అడిగితే "నమ్మకం లేకుంటే నౌకరీ మాన్పియ్యి" అన్నారు. తప్పంతా ఒక పక్కే ఉంటే జడ్జిలకు పని ఉండదు.

మందుల వాసన అంటున్నారు. మందులు కొట్టే రోజు నేను దాన్ని పందిరి ఛాయలకు రానివ్వను, మా అమ్మతో ఊళ్లోకి పంపిస్తాను. వేసవి కత్తిరింపు అయ్యాక తీగ కొత్తగా చిగురు వేస్తుంది. ఆ లేత కొసలు తుంచడం, తీగలను పందిరి తంతికి కట్టడం దానికి వచ్చినంత చక్కగా కూలికి వచ్చే పెద్దవాళ్లకు రాదు. దాని చేయి చల్లనిది. నేను అడిగింది పనికోసం కాదు. సాయంత్రం నీటి చెలిమ దగ్గర కాళ్లు కడుక్కుంటూ అది చెప్పే స్కూలు ముచ్చట్లు మూడేళ్లుగా ముక్కలు ముక్కలుగా వింటున్నాను. ఒక్క ఎండాకాలమైనా పూర్తిగా వింటానని అడిగాను.

మీ అన్న రవీందర్‌కు చెప్పండి, కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకని. మన ఇద్దరి మధ్యా ఇంత దూరం రావడంలో ఆయన కష్టం చాలా ఉంది.

పరమేశ్


మేడ్చల్,
26-4-1998

పరమేశ్‌కు,

ఇక గారు లేదు. నీ ఉత్తరం చదివాక ఆ మర్యాద నీకు ఎక్కువనిపించింది.

కోర్టు తీర్పు నీకూ అంది ఉంటుంది. మే నెల రెండో సగం నీది. నువ్వు అడిగింది సెలవులన్నీ, నేను ఇస్తానన్నది నాలుగు రోజులు. జడ్జి గారు కోమటి త్రాసు పట్టుకున్నట్టు మధ్యలో ముల్లు నిలబెట్టారు. నాకు నచ్చలేదు, నీకూ నచ్చి ఉండదు.

అయినా తీర్పు తీర్పే. మేడ్చల్ బస్టాండులో పిల్లను నీకు అప్పగిస్తాను. నెలాఖరు సాయంత్రం అదే చోట నువ్వు నాకు అప్పగించాలి. ఒక్క పూట దాటినా, జ్వరమన్నా, జలుబన్నా నేను వినను. ఈసారి కబుర్లూ రాయబారాలూ వద్దని అన్న చెప్పాడు. నీ తరఫు మనిషి ఎవరు వచ్చినా గేటు తీయడు. ఏదున్నా లాయరు ద్వారా రావాల్సిందే.

పిల్లను నీతో పంపే ముందు దానికి ఒక మాట చెప్పాను. అక్కడ ఏం జరిగినా, ఎవరు నన్ను ఏమన్నా గుర్తు పెట్టుకుని వచ్చి నాతో చెప్పమన్నాను. నీకు చెప్పకుండా చేశానని రేపు అనవద్దు.

పద్మలత


శామీర్‌పేట,
21-5-1998

పద్మలతకు,

పిల్ల వచ్చింది. వచ్చిన రోజు మా అమ్మ వండిన పచ్చిపులుసు రెండుసార్లు వేయించుకుంది. సంతోషంగా ఉందని నీకు రాస్తే కోపం వస్తుందని తెలుసు. రాయకుండా ఉండలేకపోయాను.

నువ్వు చెప్పి పంపిన మాట కూడా తెలిసింది. నిన్న సాయంత్రం మా అమ్మ నీ పేరెత్తి ఏదో సణిగింది. వెంటనే పిల్ల లేచి, "అవ్వా, గట్ల అనకు. అమ్మ అడిగితే నేను చెప్పాల్సి వస్తది" అంది. మా అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పన్నెండేళ్ల పిల్లను సాక్షిని చేసి పంపావు. దాని ముందు నవ్వాలన్నా ఆలోచించి నవ్వుతున్నాను.

అది ఎదిగింది. నిరుడు తంతి అందక నా భుజం ఎక్కేది. ఇప్పుడు కాలి మునివేళ్ల మీద నిలబడితే చాలు.

పరమేశ్


శామీర్‌పేట,
29-5-1998

పద్మలతకు,

పోస్టులో వేస్తే తేదీ దాటిపోతుందని దీన్ని బస్సు కండక్టరు చేతికిచ్చి, మీ ఫ్యాక్టరీ వాచ్‌మన్‌కు అందించమన్నాను.

నిన్ననే మా అమ్మ చాకలి సిద్దయ్యను మీ ఇంటికి పంపింది. మూట మీ గేటు దగ్గర ఇచ్చి వచ్చానని సిద్దయ్య చెప్పాడు. రాత్రి దాకా చూశాం. పొద్దున మొదటి బస్సుకు వస్తావని మా అమ్మ వాకిట్లోనే కూర్చుంది. నువ్వు రాలేదు. మేనమామ అనేవాడూ రాలేదు. నా మీద కోపం ఉంటే నా మీద చూపు, అర్థం చేసుకుంటాను. దాని మీద చూపిస్తావని కలలో కూడా అనుకోలేదు. అది లోపల కూర్చుని బస్సు శబ్దం వినిపించినప్పుడల్లా అమ్మ వచ్చిందా అని అడుగుతోంది. ఏం చెప్పాలి?

నెలాఖరుకు పిల్ల రాదు. గడప దాటించే వీలు లేదని నీకూ తెలుసు. కోర్టు తేదీ కోసం నేను దాన్ని బస్టాండుకు ఈడ్చుకు రాను. ఇంత తెలిసి కూడా పంతమే ముఖ్యమనుకుంటే, నీకు చేతనైంది చేసుకో.

పరమేశ్


మేడ్చల్,
30-5-1998

పరమేశ్‌కు,

నీ ఉత్తరం వాచ్‌మన్ ఇచ్చాడు. చదివి నవ్వొచ్చింది. పిల్లను పంపనంటావు, మళ్లీ తప్పు నాదంటావు. గడప దాటించే వీలు లేదట. నా కూతురిని గదిలో పెట్టి తాళం వేశావా?

మూట గురించి రాశావు, అది రాయడానికి నీకు సిగ్గు వేయలేదు. నేను పనిలో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్నా వదినా వాకిలంతా కడుగుతున్నారు. మీ ఊరి చాకలి సిద్దయ్య వచ్చాడట. లోపలికి వచ్చి కూర్చుని చెప్పాలి అన్నాడట. సెలవులు పొడిగించమని రాయబారం పంపావనుకుని అన్న గేటు తీయలేదు. "లాయర్‌తోని మాట్లాడుకోండ్రి, మా ఇంట్ల మీకు ముచ్చట్లు లేవు" అన్నాడట. సిద్దయ్య కాసేపు నిలబడి, గేటు దిమ్మె మీద గుడ్డ మూట పెట్టి వెళ్లిపోయాడట. పసుపు పూసిన గుడ్డ, దాని మీద కుంకుమ. అన్న దాన్ని చేత్తో తాకకుండా కట్టెతో మోరీలోకి నెట్టేశాడు.

కోర్టులో గెలవలేక చేతబడికి దిగావన్నమాట. మీ అమ్మకు ఇలాంటివి తెలుసని పెళ్లైన కొత్తలోనే ఎవరో అన్నారు. నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

రేపు సాయంత్రం బస్టాండులో ఎదురు చూస్తాను. నువ్వు రాకపోతే ఎల్లుండి పొద్దున పోలీసులతో మీ తోటకు వస్తాం. లాయరు తీర్పు కాపీ స్టేషన్‌లో ఇచ్చేశాడు.

పద్మలత


శామీర్‌పేట,
15-6-1998

పద్మలతకు,

నీ పోస్టు ఉత్తరం మీరంతా జీపులో వచ్చి, ఊరంతా తమాషా చూశాక అందింది. చేతబడి అని చదివి, మా అమ్మకు చదివి వినిపించలేదు. ఆ ముసలిదాని ప్రాణం ఉన్నన్నాళ్లు వినిపించను కూడా.

మూటలో ఏమున్నాయో నీకు తెలియాలి కదా. ఎండుకొబ్బరి కుడుక, బెల్లం, నువ్వులు. పిల్ల పెద్దమనిషి అయితే మేనమామ ఇంటికి మొదటి కబురు చాకలి చేతనే పోతుంది. వాడు లోపలికి వచ్చి చాప మీద కూర్చుని ఆడవాళ్లకు చెప్తాడు. వీధిలో నిలబడి, గేటు బయటి నుంచి అరిచి చెప్పడు. నీ కబురు కూడా మీ మేనమామకు అట్లాగే వెళ్లింది, నీ చిన్నప్పుడు. లోపలికి రానివ్వకపోయేసరికి సిద్దయ్య మూట పెట్టి వచ్చాడు. పసుపు మూట చూస్తే ఏ ఇంటివాళ్లకైనా అర్థమవుతుందనుకున్నాడు. "ఇచ్చి వచ్చిన దొరా" అన్నాడు. మీ అన్న కసిరిన సంగతి వాడు నామోషీతో మాకు చెప్పలేదు. మేము మీకు తెలుసనుకున్నాం. తెలిసీ రాలేదనుకున్నాం.

ఆ పొద్దున ఏం జరిగిందో నువ్వు నీ లాయరుకు ఎట్లా చెప్పుకున్నావో నాకు తెలియదు. నేను చూసింది రాస్తున్నాను. నేను ఇంటి బయటే ఉన్నాను. ఆ రోజుల్లో తండ్రి పిల్ల మొహం చూడకూడదని మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. జీపు ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు, మీ అన్న, వాళ్ల వెనక నువ్వు. మా అమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "బిడ్డ మూలకు కూసున్నది. తానం అయ్యేదాంక గడప దాటది. మీ కోర్టు నాకెర్కలేదు" అంది. మీ అన్నకు ఆ మాట చెవికి ఎక్కలేదు. ఆమెను పక్కకు నెట్టాడు. కానిస్టేబుల్ లోపలికి పోయి, అడ్డంగా కట్టిన చీరను లాఠీతో పక్కకు జరిపాడు.

లోపలి నుంచి పిల్ల కేక విన్నాను. నేను బయటే నిలబడి ఉన్నాను. పోవచ్చో పోకూడదో తెలియక, నా ఇంటి ముందు నేను పరాయివాడిలా నిలబడ్డాను. ఆ కానిస్టేబుల్ మంచివాడే, తలవంచుకుని బయటికి వచ్చి, "ముందుగాల్ల చెప్పొద్దా సార్, నాకూ బిడ్డలున్నరు" అన్నాడు.

కోర్టు ధిక్కారమని మీరు కేసు వేశారని తెలిసింది. సరే. నా లాయరు ఈ సంగతంతా ఉన్నదున్నట్టు జవాబులో రాశాడు. పోలీసులు, చీర, మూట, అంతా. జడ్జి గారు చదివాక ఎవరిది ధిక్కారమో తేలుతుంది.

పరమేశ్


మేడ్చల్,
22-6-1998

పరమేశ్‌కు,

లోపల ఏం జరిగిందో నువ్వు చూడలేదు. నేను చూశాను. స్రవంతి చాప మీద మోకాళ్లు ముడుచుకుని ఉంది. పోలీసు టోపీ కనిపించగానే దుప్పటి తల మీదికి లాక్కుంది. దుప్పటి లోపలి నుంచే, "అమ్మా, వాళ్లను బయటికి పొమ్మను" అంది. నేను వెళ్లి దాన్ని పట్టుకుంటే నా చేయి తోసేసింది. స్నానం అయ్యి పిల్లను తీసుకొచ్చే దాకా నేను మీ ఇంట్లోనే ఉన్నాను. నీతో ఒక్క మాట మాట్లాడలేదు, అది నాతో మాట్లాడలేదు. మేనమామగా మా అన్న తేవాల్సింది కొత్త బట్టలు. తెచ్చింది పోలీసులను. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఇంత జరిగినా నేను నిన్ను క్షమిస్తానని అనుకోకు. నువ్వు కోర్టుకు ఇచ్చిన అఫిడవిట్ పద్నాలుగు పేజీలు. నా మీద రాసిన చాడీలకు నీకు కాగితాలు చాలలేదు. నాకు రాసిన ఉత్తరంలో ఒక్క ముక్క, "బిడ్డ పెద్దమనిషి అయింది" అని రాయడానికి మాత్రం మగతనం అడ్డొచ్చింది. ఆడదాని సంగతి మగవాడు కాగితం మీద పెట్టకూడదనుకున్నావు. ఇప్పుడు నీ లాయరు టైపు కొట్టించిన కాగితం మీద ఉన్నది ఏమిటి? కన్నతల్లికి రాయకూడనిది జడ్జికి రాయొచ్చా?

అన్న గేటు తీయకపోవడం తప్పే. అది నేను ఆయన మొహం మీదే అన్నాను. కానీ దసరాకు జ్వరమని అబద్ధం ఆడింది ఎవరు? నువ్వు ఆ రోజు నిజం చెప్పి ఉంటే, ఈ రోజు నీ కబురుకు నా ఇంటి గేటు తెరుచుకునేది. అబద్ధాలవాడి ఇల్లు కాలినా ఎవరూ నీళ్లు తీసుకుని రారు.

నా లాయరు కూడా ఊరుకోలేదు. పిల్లకు అలా జరిగినప్పుడు తల్లిని పిలవకుండా, నాలుగు రోజులు మూలలో దాచిపెట్టావని రాశాడు. ఎవరు గెలుస్తారో చూద్దాం.

పద్మలత


మేడ్చల్,
9-8-1998

అమ్మకు, నాయినకు,

ఈ ఉత్తరం రెండు కాగితాల మీద ఒకేలాగ రాశాను. ఒకటి అమ్మ దిండు కింద పెడతాను, ఇంకొకటి పోస్టులో వేస్తాను. ఎవరికీ ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు.

నిన్న మామ, లాయరంకుల్ మా హాల్లో కూర్చుని అమ్మ తరఫు కోర్టు కాగితం చదివారు. నేను వంటింట్లో ఉన్నాను. నా పేరు ఉంది. నాకు ఏ రోజు ఏమయిందో ఉంది. దుప్పటి సంగతి ఉంది. ఇది టైపు చేసినవాళ్లు కూడా చదివి ఉంటారు. కోర్టులో జడ్జి గారు చదువుతారు, అక్కడ నిలబడ్డవాళ్లందరూ వింటారు. నాయిన ఇచ్చిన కాగితంలో ఇంకా ఎక్కువ ఉందట.

నాయినా, ఆ రోజులన్నీ నువ్వు నా మొహం చూడలేదు. అవ్వ చూడొద్దన్నదని బయటి నుంచే బువ్వ తిన్నవా బిడ్డా అని అడిగేవాడివి. నువ్వు చూడని నన్ను పోలీసులు చూశారు. అమ్మా, నువ్వు వస్తావని నేను మస్తు ఎదురు చూశాను. నువ్వు వచ్చావు, కానీ వాళ్ల వెనక వచ్చావు.

మీరిద్దరూ నా కోసం కొట్లాడుతున్నామని అంటారు. కొట్లాడుకోండి. కానీ నా సంగతి కోర్టులో చదవొద్దు. ఆ కాగితాలు ఇద్దరూ వెనక్కి తీసుకోవాలి. ఒక్కరే తీసుకుంటే సరిపోదు. తీసుకోకపోతే, జడ్జి గారు నన్ను పిలిచి ఎవరి దగ్గర ఉంటావని అడిగినప్పుడు, ఎవరి దగ్గరా ఉండను, హాస్టల్‌లో వేయండి అని చెప్తాను. సెలవులకు కూడా అక్కడే ఉంటాను.

స్రవంతి


శామీర్‌పేట,
6-9-1998

పద్మలతకు,

నిన్న కోర్టులో నన్ను చూశావు కదా, కడుపు నిండిందా?

పిల్ల ఉత్తరం వచ్చిన వారంలోనే నేను నా జవాబు వెనక్కి తీసుకున్నాను. నా లాయరు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. ఉన్న ఒక్క ఆయుధం పారేసుకుంటే కేసు మీద నీళ్లు పోసుకున్నట్టేనన్నాడు. పోసుకుంటానన్నాను. నువ్వు కూడా నీ కాగితం తీయించావని తెలిసింది. అంతవరకు మెచ్చుకుంటున్నాను.

నిన్న జడ్జి గారు సూటిగా అడిగారు. తీర్పు ఉందని తెలిసి నెలాఖరుకు పిల్లను ఎందుకు అప్పగించలేదు అని. నేను నేల చూశాను. కారణం ఏదైనా ఉంటే చెప్పు, వింటానన్నారు. లాయరు నా చొక్కా చేయి పట్టుకుని గుంజాడు. "కారణం లేదు సార్" అన్నాను. లేకుంటే నీ ఇష్టం వచ్చినట్టు నడుపుకుంటావా కోర్టు ఉత్తర్వును అని ఆయన కోపపడ్డారు. నిజమే, ఆయన చోటులో నేనున్నా అదే అనేవాణ్ని. దసరా, వచ్చే ఎండాకాలం, రెండూ పోయాయి. ఏడాది పాటు పిల్లను నేను తీసుకుపోవడానికి లేదు.

నీ వైపు చూశాను. నువ్వు లేచి ఒక్క మాట, "అందులో ఆయన తప్పు లేదు" అంటే చాలు. అంతకంటే చెప్పక్కర్లేదు. నువ్వు కుర్చీ చేతిని పట్టుకుని కదలకుండా కూర్చున్నావు. ఒక్కటి అడుగుతాను, జవాబు రాయి. నువ్వు నోరు మెదపనిది పిల్ల మాట నిలబెట్టడానికా, నన్ను ఓడించడానికా?

పరమేశ్


మేడ్చల్,
20-9-1998

పరమేశ్‌కు,

రెండూ.

ఇందులో నేను దాచుకునేది ఏమీ లేదు. నేను లేచి మాట్లాడితే ఎందుకు తప్పు లేదని జడ్జి గారు అడిగేవారు. అప్పుడు చెప్పకుండా ఉండలేను. అది ఒక కారణం. నువ్వు ఫ్యాక్టరీ గేటు ముందు అరిచిన రోజు నుంచి ఎప్పుడైనా ఒక్కసారి నువ్వు నలుగురిలో తలవంచుకుని నిలబడితే చూడాలని ఉంది. అది రెండోది. చూశాను. అనుకున్నంత బాగా లేదు.

ఇంటికి వచ్చాక స్రవంతి అడిగింది, "నాయిన ఏం చెప్పిండు" అని. ఏమీ చెప్పలేదు, కారణం లేదన్నాడని చెప్పాను. తర్వాత, "నువ్వేం చెప్పినవ్" అంది. నేనూ ఏమీ చెప్పలేదన్నాను. లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

నీకు జాలి చూపిస్తున్నానని అనుకోకు. నువ్వంటే నాకు ఇంకా కోపమే.

పద్మలత


శామీర్‌పేట,
28-3-1999

పద్మలతకు,

నీ నుంచి జవాబు ఆశించి రాయడం లేదు. వేసవి కత్తిరింపు మొదలైంది. ఈ ఏడు కూలీలు దొరకడం కష్టంగా ఉంది, అందరూ తుర్కపల్లి దగ్గర కట్టే కంపెనీల పనికి పోతున్నారు. తోట ఇంకో రెండేళ్లు ఉంచుతానో లేదో తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు తీగలు పీకేసి ప్లాట్లు చేస్తున్నారు.

పిల్లను చూడనివ్వమని అడగడం లేదు. కోర్టు వద్దన్నది, సరే. చివరి కోతలో పండిన గుత్తులు ఒక బుట్ట బస్సులో పంపుతున్నాను. గుడ్డ కట్టలేదు, పసుపు పూయలేదు. మీ అన్న భయపడకుండా పైన ఆకులు మాత్రమే కప్పాను. కడుక్కుని తినమని చెప్పు.

నా మీద కోపం ఉంచుకో. నీ మీద నాకూ ఉంది. పిల్ల ఎట్లా చదువుతోందో ఒక్క ముక్క రాస్తే చాలు.

పరమేశ్


మేడ్చల్,
25-4-1999

స్రవంతి నాయినకు,

బుట్ట అందింది. అన్నే తీసుకుని లోపల పెట్టాడు, తిన్నాడు కూడా.

పిల్ల బాగా చదువుతోంది. లెక్కల్లో తగ్గింది, తెలుగులో పెరిగింది. నాతో మాట్లాడుతోంది. మునుపటిలా కాదు, అడిగినదానికి చెప్తుంది. పరీక్షలు మొన్ననే అయిపోయాయి. అయిపోయిన రోజు సాయంత్రం బట్టలు ఒక సంచిలో సర్దుకుని వరండాలో పెట్టుకుంది. ఎక్కడికని అడిగితే, ఎక్కడికీ కాదు, ఊరికే సర్దానంది. సంచి అక్కడే ఉంది. పొద్దున పనికి వెళ్లేటప్పుడు దాన్ని దాటి వెళ్తున్నాను, రాత్రి వచ్చేటప్పుడు దాటి వస్తున్నాను.

నిన్న లాయరు దగ్గరికి వెళ్లి ఆ ఉత్తర్వు మళ్లీ చదివించుకున్నాను. ఏడాది పాటు పిల్లను నువ్వు తీసుకుపోకూడదని ఉంది. నేను తీసుకురాకూడదని ఎక్కడా లేదు. లాయరు అది కాదమ్మా అర్థం అని మొదలుపెట్టాడు. నేను లేచి వచ్చేశాను. అన్నకు చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, "బస్సులెందుకు, ఎండ మస్తుంది. ఆటో మాట్లాడుత" అన్నాడు.

వచ్చే ఆదివారం పొద్దున వస్తాం. మీ అమ్మకు ముందే చెప్పి ఉంచు, నన్ను చూసి సణగకుండా. నేను లోపలికి రాను, నీతో మాట్లాడేది కూడా ఏమీ లేదు. పిల్లను దింపి వెళ్లిపోతాను.

ఎప్పుడు తిరిగి వస్తుందో అదే చెప్తుంది. తేదీ నేను రాయను.

పద్మలత